గుడికి ఎక్కువైన రాళ్లు

నా మొదటి ఉద్యోగం గుడిని విప్పడం. "కూల్చడం అనకూడదమ్మా, విప్పడం అనాలి" అని మా పెద్దసారు చేరిన రోజే గట్టిగా చెప్పారు. ఒరిగిపోయిన పాత గుడిని రాయి రాయిగా విప్పి, పునాది బాగుచేసి, మళ్లీ అవే రాళ్లతో అదే గుడిని నిలబెట్టాలి. ఈ సంగతి కాశిబుగ్గలో మా అమ్మకు అర్థం చేయించడానికి ఒక ఆదివారమంతా పట్టింది. ఆమెకు అర్థం కాలేదు, నాకు గొంతు పోయింది.

"నిన్ను ఇంజినీర్ సదివిచ్చింది కట్టనీకా, కూలగొట్టనీకా? దేవుని ఇల్లు పీకుడేంది బిడ్డా, వేరే నౌకరి దొర్కలేదా?" అంది.

మగ్గం గుంటలో కూర్చున్న నాన్న తలెత్తకుండానే, "మళ్ల కడ్తరంటాంది గదనే" అన్నాడు.

"మళ్ల కట్టేటోళ్లు పీకుడెందుకు?"

దానికి నా దగ్గర డ్రాయింగులతో సహా జవాబుంది. కానీ అడిగిన మనిషి అప్పటికే వంటింట్లోకి పోయి కుక్కరు పెట్టేసింది.

ఆ గుడి ములుగు దాటాక, పాలంపేట పోయే దారిలోంచి పక్కకు తిరిగితే వచ్చే ఊళ్లో, పొలాలకు ఆనుకుని ఉంటుంది. కాకతీయుల నాటిది. పాలంపేటకు వచ్చే టూరిస్టు బస్సులేవీ ఇటు తిరగవు. రామప్ప గుడి కట్టగా మిగిలిన రాళ్లు తెచ్చి ఇక్కడ పేర్చారని ఊరివాళ్లే వేళాకోళం చేస్తారు. అదే మాట మనం అంటే మాత్రం ఊరుకోరు. నేను ఒకసారి అని, ఆ పూట హోటల్లో చాయ్ కూడా దొరక్క వెనక్కి వచ్చాను.

నిజం చెప్పాలంటే చూడగానే నాకా గుడి తెగ నచ్చింది. లోపల చీకటి గర్భగుడి, దాని ముందు ఇరుకు గది, ఆ ముందు మూడు వైపులా తెరిచి ఉన్న మండపం. మండపం చుట్టూ వీపు ఆనించి కూర్చోడానికి రాతి అరుగు. స్తంభాలు ఏకరాయి కావు. ముక్క మీద ముక్క పెట్టి నిలబెట్టారు. కింద పలక, నడుమ గుండ్రం, పైన మళ్లీ పలక. సున్నం లేదు, సిమెంటు లేదు, పైనున్న బరువే వాటిని పట్టి ఉంచుతుంది. కప్పు ఇంకా ముచ్చటగా ఉండేది. నాలుగు మూలలకు నాలుగు బండలు ఏటవాలుగా వేసి, మధ్యలో చిన్నదైన చదరం మీద మళ్లీ నాలుగు తిప్పి వేసి, చివరికి మిగిలిన కంతను తామరపువ్వు చెక్కిన పలకతో మూశారు. తల పైకెత్తి చూస్తూ చూస్తూ నేను వెనక్కి పడబోయాను. అందులో నా తప్పేం లేదు, నేలే వాలుగా ఉంది. పిల్లలు మండపంలో గోలీ వదిలితే అది దానంతటదే దొర్లుకుంటూ మెట్లు దిగి పొలంలోకి పోయేది.

వాలడానికి కారణం ఇసుక. ఆనాటి మేస్త్రీలు పునాది గోతిని ఇసుకతో నింపి దానిమీద గుడిని కూర్చోబెట్టారు. భూమి కదిలితే ఇసుక సర్దుకుంటుంది, గుడి పగలదు. మంచి ఉపాయమే. కానీ ఒక మూల చెట్టు వేరు దూరింది, వేరు వెంట వాననీళ్లు దూరాయి, నీళ్ల వెంట ఇసుక ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా బయటికి జారుకుంది. అందుకే మేము వచ్చాం. దేవుణ్ణి పక్కన రేకుల షెడ్డులోకి మార్చే ముహూర్తం పెట్టాక, విప్పే పని మొదలవుతుందన్నారు.

నేను అద్దెకు దిగింది ఒక రైతుల ఇంట్లో. కొడుకు ట్రాక్టరు నడుపుతాడు, కోడలు పొలం చూసుకుంటుంది, ఇంటి మీద పెత్తనమంతా ముసలామెది. ఆమెను నేనూ అవ్వా అనే పిలిచేదాన్ని. వెనకాల వాకిట్లో బోరు పక్కన బట్టలుతికే బండ ఒకటి ఉండేది. నల్లగా, వెడల్పుగా, నడుమ కాస్త నున్నగా అరిగి. సబ్బు పెట్టి రెండు బాదులు బాదితే మురికి ఎటుపోయేదో తెలీదు. అంత మంచి బండ కాశిబుగ్గలో మా వాడ మొత్తంలో లేదని నేను మెచ్చుకున్నాను. అవ్వ మొహం చిన్నబోయింది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

దేవుణ్ణి షెడ్డుకు మార్చే ముందు సోమవారం అవ్వ నా చేతిలో కొబ్బరికాయ పెట్టింది. "నువ్వెట్లన్న లోపటికి పోతవ్ గద బిడ్డా. జర దేవుని కాడ కొట్టుకరా."

"నువ్వు రావా అవ్వా? నాలుగడుగులే గద."

"మెట్ల కాడి దాకనే వస్త. మేం లోపటికి పోం."

"మేం అంటే?"

"మా అత్తా, నేను. ఈ ఇంటి ఆడోళ్లం."

ఏదో మొక్కేమో అనుకున్నాను. కాదు, బండ. అవ్వ మామ ఏనాడో, పెళ్లాం కాపురానికొచ్చి ఇంకా గుడి మెట్లు ఎక్కకముందే, ఎడ్లబండిలో ఆ బండను గుడి దిక్కు నుంచి తెచ్చి వాకిట్లో వేశాడట. అవ్వ అత్త అది గుడి రాయని గ్రహించిందట. దేవుని రాయి మీద బట్టలుతుక్కుంటూ ఏ మొహం పెట్టుకుని లోపలికి పోతామని అప్పటి నుంచి మెట్ల దగ్గరే ఆగిపోయింది. అవ్వ కొత్త కోడలుగా వచ్చిన రోజే ఆమెకూ అదే చెప్పింది. అంతే, అవ్వ పెళ్లయినప్పటి నుంచీ ఒక్కసారి కూడా గుళ్లోకి పోలేదు. ఎవరో ఒకరి చేతికి కాయ ఇచ్చి, మెట్ల దగ్గర నిలబడి, లోపల చీకట్లో దీపం మినుకు మినుకుమంటుంటే దానికి దండం పెట్టుకుని వచ్చేది.

"మరి మగోళ్లు?"

"వాళ్లకేంది, పోతరు. ఉతికేది మేము, తొడుక్కొని పోయేది వాళ్లు."

నాకు ఒళ్లు మండిపోయింది. "మరి నీ కోడలు?"

"దానికి వాషింగ్ మిషన్ వచ్చింది. దానికి పట్టింపు లేదు."

"అట్లాంటప్పుడు ఆ బండ మీద ఉతుకుడు బంజేస్తే అయిపోతుండె గద అవ్వా!"

"మరి బట్టలేడ ఉతకాలె?" అంది, ఇదేం తెలివితక్కువ పిల్ల అన్నట్టు చూసి. తర్వాత గొంతు తగ్గించింది. "మా అత్త పొయ్యేటప్పుడు చెప్పింది బిడ్డా. ఎన్నడన్న గుడి మళ్ల కడితె గా రాయి గుడికిచ్చెయ్, ఇచ్చి లోపటికి పో, నా వంతు సుత మొక్కు అని. గిప్పుడు నువ్వే వస్తివి. నా రాయి అండ్ల పెట్టిస్తవా?"

పెట్టిస్తాననే అన్నాను. అప్పటికి నాకు రాళ్ల గురించి తెలిసింది తక్కువ, ధైర్యం ఎక్కువ.

విప్పడం మొదలైంది. ప్రతి రాయికీ పసుపురంగు పెయింటుతో నంబరు వేశాం. తూర్పు వైపైతే 'తూ', తర్వాత ఎన్నో వరస, ఆ వరసలో ఎన్నో రాయి. అడ్డగీతలు పెట్టి రాస్తాం. పక్క పొలంలో వరసలుగా పరిచాం. అంతా విప్పాక లెక్కచూస్తే డ్రాయింగులో ఉన్నవాటికంటే రాళ్లు ఎక్కువగా ఉన్నాయి. మర్నాడు చూస్తే ఇంకా ఎక్కువయ్యాయి. గుళ్ల నుంచి రాళ్లు పోతాయని చదువుకున్నాను గాని, పెరుగుతాయని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. మీకు లెక్క రాదని మేస్త్రీని నేను, మీకు కళ్లు కనబడవని నన్ను మేస్త్రీ దులిపేసుకున్నాం.

మధ్యాహ్నం అందరూ అన్నానికి కూర్చున్నప్పుడు నేనొక్కదాన్నే వరసల మధ్య తిరుగుతుంటే ఒక రాయి దగ్గర కాలు ఆగింది. దానిమీద నంబరు ఉంది. కానీ అది నా చేతిరాత కాదు, పెయింటూ కాదు. నిఖార్సైన పసుపు ముద్దతో రాసి, పక్కనే కుంకుమ బొట్లు కూడా పెట్టారు. దాని పక్కన ఇంకోటి. దాని వెనక మరోటి. వాచ్‌మన్‌ను పిలిచి చూపిస్తే అతను పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మేడం, గిది మా పెద్దమ్మోళ్ల ఇంటి నంబర్!"

ఆ ఇంటికి పోయాను. గొడ్ల కొట్టం ముందు గుంజ పాతిన చోట తాజాగా తవ్విన గుంత, అందులో కోడి గెలుకుతోంది. ఇంటామె దాచే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"గుడి రాయే మేడం, మా తాతలకాలం సంది బర్రెను కట్టేస్తాన్నం. పాపం గద? అందుకనే తెచ్చి పెట్టిన. అన్నిటి మీద నంబర్లున్నయ్, నంబర్ లేకుంటె గుళ్లెకు తీసుకోరనుకున్న. మాకున్న నంబర్ గదొక్కటే."

ఆమె ఒక్కతే కాదు. ఊరు ఊరంతా అదే పని చేసింది. ఒకరు గడప ముందు మెట్టు పీక్కొచ్చారు, ఒకరు కారం నూరే రాయి, ఒకరు పిల్లలు కూర్చుని చదువుకునే అరుగు బండ. ఎవరి ఇంటి నంబరు వాళ్లు వేశారు. ఒకాయన నమ్మకం కుదరక ఆధార్ నంబరు మొత్తం రాశాడు. రాయి చిన్నది కావడంతో చివరి అంకెలు వెనకవైపుకు పోయాయి. నవ్వాలో ఏడవాలో తెలియక నేను ఒక బండ మీద కూర్చున్నాను. తీరా లేచి చూస్తే నా చుడీదారు వెనక ఎవరిదో ఇంటి నంబరు అచ్చుపడింది.

పెద్దసారుకు ఫోన్ చేసి చెబితే నేను ఎండదెబ్బకు ఏదో మాట్లాడుతున్నాననుకున్నారు. వచ్చి కళ్లారా చూశాక ఆయన కూడా నవ్వారు. తర్వాత ఆ బర్రె గుంజ రాయి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. అది నిజంగానే గుడి స్తంభంలో నడిమి ముక్క. ఆ స్తంభం ఎప్పుడో విరిగితే ఊరివాళ్లు సిమెంటు దిమ్మె పెట్టి సరిపెట్టారు, ఇప్పుడు అసలుది చేతికొచ్చింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఒక పని చెయ్యండి" అన్నారు. "ప్రతి రాయినీ చూడండి. ఈ గుడిదేనని తేలితే, చోటు దొరికితే పెట్టండి. తేలకపోతే మర్యాదగా ఎవరిది వాళ్లకు ఇచ్చెయ్యండి. ఊరికే జాలిపడి ఒక్కటి కూడా పెట్టడానికి వీల్లేదమ్మా."

ఆ మాట నేను ఇంటికి చేరేలోపే అవ్వకు చేరింది. "చూసినవా! బర్రె గుంజకే చోటు దొరికింది, నా బండకు దొరకదా?" అని మురిసిపోయింది. అయితే మిగతావాళ్లలా చాటుగా తెచ్చి పెట్టడానికి మాత్రం ఒప్పుకోలేదు. "పొద్దుగాల, నలుగురు చూస్తాంటె పోవాలె నా రాయి. నేను దొంగను గాదు." కొడుకు ట్రాక్టరు తీశాడు. గడ్డపారలతో పెకిలించి, తాళ్లు కట్టి, నానా తంటాలు పడి ఎక్కించారు. అవ్వ బండకు పసుపు రాసి బొట్టు పెట్టింది, ట్రాక్టరుకూ పెట్టింది, ఆ ఊపులో నాకూ పెట్టింది. డప్పులు పెడదామంటే కొడుకు, "పెండ్లి చేస్తానమా ఏంది బండకు?" అని కసిరాడు. ఆమె ముక్కు ఎగబీల్చి ట్రాక్టరు వెనకే నడిచి వచ్చింది.

పొలంలో దించి, కింది వైపు చూడడానికి బండను తిరగేశాం. అవ్వ పక్కనే చేతులు జోడించి నిలబడింది. మేస్త్రీ మట్టి తుడిచాడు. తుడిచి నా వైపు చూశాడు. నేను బండ వైపు చూశాను.

కింది అంచు పొడుగునా తిన్నగా, గుండ్రంగా ఒక గాడి ఉంది. పైపును నిలువునా సగానికి కోసి అద్దినట్టు. పాతకాలం వాళ్లు రాయి పగలగొట్టాలంటే వరసగా చిన్న చిన్న గూళ్లు చెక్కి మేకులు దిగ్గొట్టేవారు. ఆ గూళ్ల గుర్తులు మా గుడి రాళ్ల మీద ఎన్నో ఉన్నాయి. ఇది అది కాదు. ఇది బరమతో బెజ్జం వేసి, మందు కూరి పేల్చిన గుర్తు. కాకతీయులకు ఈ గోల తెలీదు. బండ మొత్తం మీద ఉలి దెబ్బ ఒక్కటి లేదు, మా రాళ్ల రకమూ కాదు. ఏదో క్వారీ రాయి. ఏ సందేహమూ లేదు.

"ఏ మూలకొస్తది బిడ్డా?" అంది అవ్వ.

"చూడాలె అవ్వా" అన్నాను.

ఆ తర్వాత నెలల్లో పునాది నింపి గోడలు లేపుతుంటే నాకు రోజులు చాలా కష్టంగా గడిచాయి. నా కంచంలో నెయ్యి పెరిగింది. పొద్దున సర్వపిండి, సాయంత్రం గుడాలు. చీర పెట్టెలోంచి పట్టుచీర తీసి ఎండకు వేసింది. "నా రాయికి నంబరేసినవా?" అని రోజూ అడిగేది. ఎవరి రాయి ఎక్కడ పెట్టారో ఊళ్లో చెప్పుకుంటుంటే ఆమె చెవులు రిక్కించి వినేది. ఇది తెలిసిన మేస్త్రీ, "ఎందుకు మేడం ఫికరు? ఏదో మూలకు కనబడకుంట ఏసేద్దాం. పెద్దసారుకేం ఎరుక?" అన్నాడు.

నాకూ ఆ ఆలోచన వచ్చింది. నేనేం అబద్ధమంటే ఏమిటో ఎరగని మనిషిని కాను. కానీ పునాది గోతిలో ఇసుక నింపి, తడిపి, దిమ్మిస కొట్టి ఎప్పుడో మూసేశాం. పైన ప్రతి చోటుకూ ఒక రాయి ఉంది. పోనీ పెట్టామని నోటిమాట చెబుదామా అంటే, అవ్వ ఆ మాటకు తృప్తిపడే మనిషా? ఎక్కడ పెట్టావో చూపించు, పసుపు రాస్తానంటుంది. ఇక చెప్పక తప్పదని, చెప్పే ధైర్యం లేక నాలో నేనే అందరినీ తిట్టుకున్నాను. పెద్దసారునీ, ఎడ్లబండినీ, ఆ బండినిండా బండ వేసుకొచ్చిన ఆయన్నీ.

ఒక మధ్యాహ్నం అవ్వే నాకు అన్నం గిన్నె పట్టుకుని పని దగ్గరికి వచ్చింది. మేస్త్రీలంతా అవతల చెట్టు నీడన తింటున్నారు. నేను గిన్నె మూత కూడా తియ్యలేదు. ఆమె చెయ్యి పట్టుకుని తిరగేసి ఉన్న బండ దగ్గరికి తీసుకుపోయి, వేలు ఆ గాడి వెంట నడిపించాను.

"అవ్వా, గిది గుడి రాయి కాదు. మందు పెట్టి పేల్చిన రాయి. నీ మామ గుళ్లెకెల్లి తేలే. ఎవ్వలూ ఏ తప్పు చెయ్యలే."

ఆమె వేలు గాడిలోనే ఉంది. "మందు పెట్టిన రాయా?" అంది.

"అవునవ్వా."

"రోడ్డేసేటప్పుడు గుట్ట పగలగొట్టిండ్రు. మా మామ ఆడికి కైకిలి పనికి పొయ్యేటోడట. గుట్ట తొవ్వ గుడి ముంగట్నుంచే."

"మరి నీ అత్త ఆయన్నొక్కసారి అడగలేదా?"

"అడిగితె చెప్పేటోడైతె గద! బండి గుడి దిక్కుకెల్లి వచ్చె, ఆమె గుడి రాయనుకునె. ఆయనకు మాట్లాడుడే అలవాటు లేకపాయె." అని, ఒక్కసారిగా ఆమెకు కోపం తన్నుకొచ్చింది. "ఓ అత్తా! నీ భక్తి మన్నుగాను! నీకు నోరు లేదానే? నన్ను తిట్టనీకి అంత పెద్ద నోరుండె, మొగుణ్ణి ఒక్క మాట అడగనీకి లేకపాయెనా? నా కొడుకు పుట్టెంటికలు తీసిననాడు సుత నేను బయట్నే నిలబడ్డ బిడ్డా. లోపట వాడు ఏడుస్తాండు, నాకినబడ్తాంది. నేను మెట్ల మీదనే నిలబడ్డ!"

నాకు ఏడుపొచ్చింది. అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదని ఆ క్షణంలో గట్టిగా అనిపించింది. అవ్వ మాత్రం ఏడవలేదు. కొంగు నడుముకు దోపి, నా నీళ్ల బాటిల్ లాక్కుని కాళ్లు కడుక్కుంది. కడుక్కుని గుడి వైపు నడిచింది.

అప్పటికి గోడలు లేచాయి, స్తంభాలు నిలబడ్డాయి, కప్పు ఇంకా పడలేదు. నేను హెల్మెట్టు పట్టుకుని వెంట పరిగెత్తాను. "అవ్వా, దేవుడు అండ్ల లేడు! షెడ్డుల ఉన్నడు!"

"నాకెరుకే! ఉన్నప్పుడు వస్తె లైన్ల నిలబెడ్తరు, జరుగు జరుగంటరు. ముందుగాల నన్ను ఇల్లు సూడనియ్."

మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత చీర కుచ్చెళ్లు కాస్త ఎత్తి పట్టుకుని ఎక్కేసింది. మండపంలో ఒక్కో స్తంభాన్నీ అరచేత్తో తట్టింది. ఇరుకు గది దాటింది. గర్భగుడి గడప మీద చెయ్యి ఆనించి కళ్లకద్దుకుని లోపలికి అడుగు పెట్టింది. పైన కప్పు లేదు కదా, మిట్టమధ్యాహ్నపు ఎండ నిలువునా పడుతోంది. నాలుగు గోడలు, నేల, మూలన మేస్త్రీలు మరిచిపోయిన తాపీ. అవ్వ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఇంతేనా బిడ్డా?"

"ఇంతే అవ్వా. గర్భగుళ్లు చిన్నగనే ఉంటయ్."

"నేను మస్తు పెద్దగుంటదనుకున్న" అని పకపకా నవ్వింది. ఆ నవ్వు రాళ్ల మధ్య గట్టిగా మోగింది. నేనూ నవ్వాను. దోమలు పట్టేంత చోటు లేదని, తన వంటిల్లే దీనికంటే నయమని, దేవుడు ఇందులో ఎట్లా మసులుతున్నాడోనని ఏవేవో అంది. అంటూ అంటూ గోడకు వీపు ఆనించి కింద కూర్చుంది. అవతల చెట్టు కింద మేస్త్రీలు తినడం అయిపోయి లేస్తున్నారు. ఇంకాసేపు కూర్చోమని నేను చెయ్యి ఊపాను.

అవ్వ నేల మీద అరచెయ్యి రాస్తూ, నా వైపు చూడకుండానే అంది.

"మా అత్త ముసల్ది, ఒక్కపాలి సుత సూడకుంటనే పాయె బిడ్డా."